ఒక్క బెల్లుకు నేను లేవను

మా ఆఫీసులో బెల్లుకు ఒక లెక్క ఉండేది. లోపలి గదిలో ఆఫీసరు బల్ల మీద ఇత్తడి బెల్లు. ఒకసారి నొక్కితే అటెండరు పోవాలి. రెండుసార్లు నొక్కితే టైపిస్టు. మూడుసార్లయితే హెడ్ క్లర్కు. ఈ లెక్క ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఏ కాగితం మీదా లేదు. కానీ నేను చేరిన రోజు హాజరు పట్టీలో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించకముందే హెడ్ క్లర్కు నాకీ సంగతి చెప్పాడు.

ఆ టైపిస్టుని నేనే. పాల్వంచ దాటి అడివి మొదలయ్యే దిక్కున, రాయిని పొడిచేసే ఒక చిన్న ఫ్యాక్టరీ. పేరెందుకులెండి. ఎనభైల మొదట్లో మాట. మాది మధిర పక్క పల్లె, సేద్యం చేయించే ఇల్లు. మా వంశంలో ఆడపిల్ల ఉద్యోగానికి గడప దాటడం నాతోనే మొదలు. బస్సు ఎక్కించేటప్పుడు మా నాన్న కళ్లనీళ్లు పెట్టుకోలేదు, జాగ్రత్తలు చెప్పలేదు. కాయితాలు కొట్టమ్మా, కప్పులు మాత్రం మోయొద్దు అన్నాడు, అంతే. నాకసలే ముక్కు మీద కోపం. దానికి ఆయన మాట తోడయింది.

చేరిన మొదటి వారమే ఆ కోపం బయటపడింది. అటెండరు టపా తేవడానికి పోస్టాఫీసుకు పోయిన సమయంలో లోపల ఒక్క బెల్లు మోగింది. నేను తలెత్తి మళ్లీ వంచేశాను. హెడ్ క్లర్కు నా వైపు చూసి, అమ్మాయ్, సారుకు కాసిని మంచినీళ్లు ఇచ్చి రారాదూ, అన్నాడు. ఆయన పాపం మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"నేను టైపిస్టునండీ. నీళ్లివ్వడానికి రాలేదు. ఒక్క బెల్లుకు నేను లేవను."

ఆ మాట సాయంత్రానికి ఫ్యాక్టరీ గేటు దాకా పాకింది. నడుస్తుంటే, అదిగో ఒక్క బెల్లుకు లేవని అమ్మాయి, అని వెనక నుంచి అనేవాళ్లు. పొగరన్నారు, భూమి ఉన్నవాళ్ల బిడ్డ కదా అన్నారు. ఇన్నేళ్లయ్యాక కూడా ఆ రోజు అన్నదానికి నేను చింతించడం లేదు. ఆ గదిలో నలుగురు మగవాళ్లుండగా నీళ్ల గ్లాసు కోసం నా మొహమే ఎందుకు కనిపించిందో నాకు తెలుసు.

నన్ను మెచ్చుకున్నది ఒక్క అటెండరే. టపా సంచీతో తిరిగి వచ్చి, జరిగింది ఎవరో చెబితే విని, నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మంచిగ చెప్పినవమ్మా. గట్లనే ఉండాలె," అన్నాడు.

యాభై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. బొగ్గు గనుల కుటుంబంలో పుట్టి, గనిలో దిగడం ఇష్టం లేక ఇటు వచ్చి, రాయి పొడిచేసే మిల్లు పక్కన ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. నడుం పట్టేస్తే ఆఫీసులో తేలిక పని ఇచ్చారు. ఆయన కూడా నా బాపతే అని తర్వాత తెలిసింది. ఆఫీసర్ల ఇళ్లకు కూరగాయలు మోయమన్నా, వాళ్ల పిల్లల్ని సైకిల్ మీద బడికి దింపమన్నా ససేమిరా పోయేవాడు కాదు. నా నౌకరి ఆఫీసుల, మీ ఇంట్ల కాదు అని మొహం మీదే చెప్పేవాడట. అందుకే ఇంక్రిమెంట్లు ఆలస్యం చేశారని హెడ్ క్లర్కు గుసగుసగా చెప్పాడు. నాకు ఆ రోజు నుంచి ఆయనంటే గౌరవం. పెద్దయ్యా అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన అమ్మా అనడం మానేసి బిడ్డా అనసాగాడు.

ఒక్క విషయంలో మాత్రం చిరాకుగా ఉండేది. ఆయన స్టూలు నా బల్లకు సరిగ్గా ఎదురుగోడకు ఉండేది. పనిలేనప్పుడు దాని మీద కూర్చుని ఎప్పుడూ నా వైపే చూసేవాడు. కిటికీ వైపు చూడడు, పేపరు చూడడు, నా మెషీను వైపే చూపు. కూతుళ్లు లేరు కదా, ఆడపిల్ల ఉద్యోగం చేస్తుంటే చూడముచ్చటేమో అని సరిపెట్టుకున్నాను.

ఆయనకు అసలు పిల్లలే లేరు. భార్య ఉంది. ఆమెకు ఉబ్బసం. ఫ్యాక్టరీ కాలనీలో వాళ్ల క్వార్టరుకూ డిస్పెన్సరీకీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. ఆయాసం ఎక్కువైనప్పుడు ఆయన ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాటేవాడు. సూది పడేసరికి ఊపిరి కుదుటపడేది. సొంతూళ్లో అయితే సూది వేసే మనిషి కావాలంటే రెండు బస్సులు మారాలి. ఈ క్వార్టరుంటేనే ముసల్ది ఉంటది బిడ్డా, రిటైరయ్యేలోపల డిస్పెన్సరీ దగ్గర ఓ కిరాయి అర్ర చూడాలె అని నాతో చాలాసార్లు అన్నాడు. రిటైర్మెంటుకు అప్పటికి ఇంకా రెండేళ్లు.

అట్లా ఉండగా పాత ఆఫీసరు బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే గడియారం లాంటి మనిషి, బెల్లు నొక్కిన మరు క్షణం ఎదురుగా మనిషి కనపడాలి. మూడో రోజో నాలుగో రోజో నాకు డిక్టేషను ఇచ్చి, వెళ్లేటప్పుడు ఆ టీ కప్పులు బయట పెట్టేయండి అన్నాడు. అది అటెండరు పని సార్ అన్నాను. ఆయన ఫైలు తెరుచుకున్నాడు. ఆ మర్నాటి నుంచి మాత్రం రెండు బెల్లులు ఎక్కువయ్యాయి. పెన్సిల్ చెక్కారా అని రెండు బెల్లులు. తేదీ ఎంత అని రెండు బెల్లులు. రోజుకు పాతికసార్లు లేచి కూర్చోవడమే నా పనయిపోయింది.

అంతవరకు నాకో అలవాటుండేది. బెల్లు మోగగానే టైపు ఆపేసేదాన్ని. రెండోది మోగుతుందా లేదా అని చేతులు గాలిలో పెట్టి వినేదాన్ని. మోగితే లేచేదాన్ని, మోగకపోతే మళ్లీ కొట్టుకునేదాన్ని. ఈ కొత్తాయన వేధింపుతో నాకు మొండితనం వచ్చింది. మోగితే మోగనీ, చేతులు ఆపేదే లేదు, రెండోది వినపడినప్పుడు చూద్దాం అనుకున్నాను. టకటకా కొడుతూనే చెవి అటు వేసి లెక్కపెట్టుకునేదాన్ని. నా పౌరుషం నాకు ముద్దుగానే ఉంది.

ఆ వారమే అటెండరు బెల్లుకు లేవడం మానేశాడు. ఒక్క బెల్లు మోగుతుంది, ఆయన స్టూలు మీద కదలడు. మళ్లీ మోగుతుంది, కదలడు. చివరికి ఆఫీసరే తలుపు తీసుకుని వచ్చి అరిచేవాడు. అప్పుడు దిగ్గున లేచేవాడు. నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. నా కోసమే మొండికేశాడనుకున్నాను. నన్ను వేధిస్తున్నాడని ఆఫీసరు మీద కోపంతో, నాకు తోడుగా సమ్మె కట్టాడనుకున్నాను. లోలోపల మురిసిపోయాను కూడా. ఆయన వైపు చూసి ఒకటి రెండుసార్లు నవ్వాను. ఆయన నవ్వలేదు. మొహం పాలిపోయి ఉంది. అది కూడా నాకు అర్థం కాలేదు.

వారం తిరిగేసరికి రెండు బెల్లులు మోగాయి. వెళ్తే ఆఫీసరు ఒక ఉత్తరం చెప్పాడు. డిస్పెన్సరీ డాక్టరుకు. మా ఆఫీసు అటెండరుకు వినికిడి లేదని అనుమానం, పరీక్షించి డ్యూటీకి పనికొస్తాడో లేదో తెలపగలరు. నేను షార్ట్‌హ్యాండులో గీతలు గీస్తూ 'వినికిడి' అన్నచోట ఆగిపోయాను. ఏం, స్పెల్లింగ్ రాదా అన్నాడు. వచ్చు సార్ అన్నాను.

వచ్చి కూర్చుని కార్బన్ పెట్టి, మూడు కాపీలూ కొట్టాను. అన్‌ఫిట్ అని డాక్టరు రాస్తే నెలలోపు క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ సంగతి నాకు తెలుసు, అలాంటి ఆర్డర్లు అంతకు ముందు నేనే కొట్టాను. ఉత్తరం సంతకం కోసం పంపకుండా ఫైలులో పెట్టి, మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక ఆయన దగ్గరికి పోయాను. నీకు చెవులు వినపడవా పెద్దయ్యా అని అడిగాను. ఆయన నా పెదాల వైపు చూస్తున్నాడు. మాట పూర్తికాకముందే తల దించుకున్నాడు.

నేను చేరిన కొత్త నుంచే వినపడటం లేదట. మిల్లు చప్పుడుకు ఎప్పుడో మొదలై, మెల్లగా పూర్తిగా పోయాయి. మొహం చూస్తే మాట తెలుస్తుంది, వీపు తిరిగితే ఏమీ లేదు. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మరి ఇన్నాళ్లూ బెల్లుకు ఎట్లా లేచావు అని అడిగాను. ఆయన నా మెషీను వైపు చూశాడు.

"నీ చేతులు చూసి, బిడ్డా. నీ చేతులు ఆగితె బెల్లు మోగినట్టు. ఆగి, నువ్వు లేస్తె అది నీది. లేవకుండ మళ్ల కొడితె అది నాది. ఈ మధ్య నీ చేతులు ఆగుతలేవు."

నిందగా అనలేదు. వాన పడటం లేదు అన్నట్టు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా పౌరుషానికి ఆ మనిషి ఇల్లు కూలబోతోంది, నేనేమో నాకు తోడు సమ్మె చేస్తున్నాడని మురుస్తున్నాను. ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం కూడా వస్తుంది. ముందే చెప్పి ఏడవొచ్చు కదా అని ఆయన్నే తిట్టాను. చెబితే నీ చేతులకు బరువైతది గదా అన్నాడు.

భోజనాలయ్యాక లోపల ఒక్క బెల్లు మోగింది. పెద్దయ్య మంచినీళ్ల కుండ దగ్గర వంగి, గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేను లేచాను. హెడ్ క్లర్కు కలం ఆపి చూశాడు. పెద్దయ్య పక్క నుంచే గ్లాసు ముంచుకుని, ఒక చేత్తో నీళ్లు, ఒక చేత్తో ఆ ఉత్తరం ఉన్న ఫైలు పట్టుకుని లోపలికి పోయాను. నీళ్లు కొంచెం ఒలికాయి.

ఒక్క బెల్లే కదా నొక్కాను అన్నాడు ఆఫీసరు. తెలుసు సార్ అన్నాను. మీరు ఒక్క బెల్లుకు లేవరట కదా అన్నాడు. అప్పుడు ఉన్నదంతా చెప్పాను. మిల్లు సంగతి, నా చేతుల సంగతి, రోడ్డు దాటించే సంగతి. చెప్పి, "ఇకనుంచి ఒక్క బెల్లుకూ నేనే లేస్తాను సార్. మీ పని ఒక్కసారి ఆగినా ఈ ఉత్తరం మీద అప్పుడే సంతకం పెట్టండి," అన్నాను.

ఆయన నీళ్లు తాగాడు. ఉత్తరం మొత్తం చదివాడు, మూడు కాపీలూ బల్ల సొరుగులో పెట్టాడు. సరే చూద్దాం అన్నాడు. నేను తిరిగి రాబోతుంటే గ్లాసు తీసుకెళ్లండి అన్నాడు. తీసుకొచ్చాను. మా నాన్న గుర్తొచ్చాడు, అయినా తీసుకొచ్చాను.

బయటికి రాగానే పెద్దయ్య ఆ గ్లాసు నా చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. కోపంగా ఉన్నాడు. నా పని నువ్వు చేస్తె నేనెందుకు గీడ అన్నాడు. ఆయనకూ పౌరుషమే కదా. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బెల్లు మోగితే నేను లేవాలి, ఆయన్ను తట్టాలి. లోపలికి పోయేది, మోసేది ఆయనే.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. మొదటి రోజుల్లో నేను ఆయన్ను చేత్తో తట్టలేదు. చెక్క స్కేలు చివరతో భుజం మీద తట్టేదాన్ని. మా ఇంట్లో ఆయన కులం వాళ్లు వరండా దాటి లోపలికి రారు. ఆ అలవాటు నా చేతిలో ఉంది. ఆయన గమనించాడు. ఒకరోజు స్కేలు కనపడక కంగారులో చేత్తో తట్టాను. మెత్తటి పాత చొక్కా, కింద ఎముక. ఆ తర్వాత స్కేలు వెతకలేదు.

అట్లా ఏడాది దాటింది. ఆఫీసరు పని ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక్క బెల్లుకు నేను లేచి తట్టేదాన్ని, నేను సెలవు పెడితే హెడ్ క్లర్కు తట్టేవాడు. వేసవిలో ఆయన భార్యను చూడటానికి డిస్పెన్సరీకి పోయాను. ఎండిన రెల్లులా ఉంది మనిషి, కళ్లు మాత్రం చలాకీ. మోదుగాకు దొప్పలో నా కోసం మొర్రిపండ్లు దాచింది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ, నా కోసం ముసలోడు చెవులు దాసిపెట్టి దొంగ నౌకరి చేస్తుండు సూడు అని నవ్వింది. ఆమె మాట్లాడేటప్పుడు మొహం పూర్తిగా ఆయన వైపు తిప్పి, పెదాలు నిదానంగా కదిపేది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఏంది అని అడగలేదు. వాళ్లిద్దరూ అట్లా గంటలు మాట్లాడుకుంటారని నర్సు చెప్పింది.

ఆ వెంటనే వచ్చిన వానాకాలంలో ఆమె పోయింది. పగటిపూట, డిస్పెన్సరీ మంచం మీద, ఆయన చేతిలో చెయ్యి పెట్టి. డాక్టరు పక్కనే ఉన్నాడు, చేయగలిగిందంతా చేశాడు. ఊళ్లో ఉంటే నిరుడే పోయేదని హెడ్ క్లర్కు అన్నాడు. మేమందరం పోయి వచ్చాం.

దినాలయ్యాక ఆయన గుండుతో ఆఫీసుకొచ్చాడు. స్టూలు దగ్గరికి పోలేదు. సరాసరి నా బల్ల దగ్గరికొచ్చి, ఒక అర్జీ కొట్టు బిడ్డా అన్నాడు. ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు. నేను కాగితాలూ కార్బనూ మెషీనులో ఎక్కించి చెప్పమన్నాను.

"నాకు చెవులు ఇనవడవు, డాక్టరుకు సూపిచ్చి నన్ను ఇంటికి పంపుండ్రి అని కొట్టు. ఇన్నొద్దులు ఆమె కోసమే దాసిన. ఇగ ఎవల కోసం? నువ్వు నా బెల్లుకు లేసుడు ఇగ వద్దు."

నేను కొట్టలేదు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. తను చెప్పింది నేను వినలేదనుకుని మళ్లీ చెప్పాడు. ఆయన వైపు మొహం తిప్పి, నేను కొట్టను పెద్దయ్యా అన్నాను. నీ పనే గద బిడ్డా అన్నాడు. అవును, అచ్చంగా నా పనే, దానికే నాకు జీతం. కొట్టను అన్నాను. కాగితాలు లాగి, కార్బన్‌తో సహా చింపేశాను.

ఆయన హెడ్ క్లర్కు దగ్గరికి పోయాడు. హెడ్ క్లర్కు తల అడ్డంగా ఊపి, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానయ్యా, రాయలేను అన్నాడు. కళ్లద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి. పక్క బల్ల గుమాస్తా లేచి ఏదో పని ఉన్నట్టు స్టోరు వైపు పోయాడు. పెద్దయ్య గది మధ్యలో నిలబడి మా అందరినీ ఒక్కొక్కరినీ చూశాడు.

నేను లేచి ఆయన ముందుకు పోయాను. ఇంటికి పోయి ఏం చేస్తావు అని అడిగాను. గుండు తడుముకున్నాడు.

"ఏం లేదు బిడ్డా. ఆమె లేకపాయె. ఇంట్ల నా దిక్కు మొకం తిప్పి మాట్లాడేటోళ్లు ఎవలున్నరు?"

ఆయన భుజం పట్టి తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెట్టాను. నా కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా వేసుకున్నాను. ఆమె మాట్లాడినంత నిదానంగా నాకు రాదు, నా నోరు గబగబా పోతుంది. అయినా ప్రయత్నించాను. పొద్దున ఏం తిన్నావని అడిగాను. ఏం తినలేదన్నాడు. నా క్యారియరు విప్పి, అన్నంలో పప్పు కలిపి, గిన్నె ఆయన చేతికిచ్చి, కుండలోంచి నీళ్లు ముంచి పక్కన పెట్టాను.